టెలిస్కోపు అటకెక్కక ముందే ఒక మాట

పిల్లల పుట్టినరోజులు దగ్గర పడినా, ఎండాకాలం సెలవులు వచ్చినా ఈ మధ్య నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "వదినా, మావాడు టెలిస్కోపు కొనమని ప్రాణం తోడేస్తున్నాడు, ఏది కొనమంటావు?" ఆవకాయలో ఆవపిండి పాళ్లు అడిగినంత ధీమాగా అడుగుతారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగినప్పటి నుంచీ ఈ అడగడం మరీ ఎక్కువైంది. తెలుగు బి.ఏ. చదివినదానికి కటకాల గొడవ ఏం తెలుసని అనుకోకుండా అడుగుతున్నందుకు సంతోషమే. కానీ నా జవాబు వినగానే అందరి మొహాలూ ఒక్కలాగే చిన్నబోతాయి.

టెలిస్కోపు కొనకండి. ఇప్పుడే వద్దు. ముందు మంచి బైనాక్యులర్స్ కొనండి.

"అయ్యో, అవి పిట్టల్ని చూడటానికి కదా?" అంటారు. పిట్టల్నీ చూడొచ్చు, చుక్కల్నీ చూడొచ్చు. నేను అలా ఎందుకంటానో చెప్తాను. నచ్చకపోతే మీ ఇష్టం, డబ్బులు మీవి.

మన ఇళ్లలో టెలిస్కోపు కథ ఎలా నడుస్తుందో ముందు చూడండి. ఆన్‌లైన్‌లో బొమ్మ చూస్తారు. అట్టపెట్టె మీద శనిగ్రహం వలయాలతో సహా పళ్లెమంత ఉంటుంది. పక్కన "525 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది" అని పెద్ద అక్షరాలు. ఆ అంకె చూడగానే మగవాళ్లకి ఏదో అవుతుంది, స్కూటరు మైలేజీ అంకె చూసినట్టే. నిజానికి టెలిస్కోపు పని పెద్దది చేయడం కాదు, వెలుతురు పోగుచేయడం. వానలో చెంబు పెడితే చెంబెడు, గంగాళం పెడితే గంగాళమెడు నీళ్లు పడతాయి కదా, అలాగే ముందున్న అద్దం ఎంత వెడల్పో అంత వెలుతురు. ఆ వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు బొమ్మని మరీ పెద్దది చేస్తే, నలుగురికి పెట్టిన పులుసులో నీళ్లు పోసి నలభైమందికి వడ్డించినట్టే. గిన్నె నిండుతుంది, రుచి ఉండదు.

దీనికో లెక్కుంది. అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు దాకానే పెద్దది చేస్తే ప్రయోజనం. 60 మిల్లీమీటర్ల టెలిస్కోపుకి 120 రెట్లు, అదీ ఆకాశం ఎంతో నిర్మలంగా ఉన్న రాత్రి. 525 అన్నది అట్టపెట్టె మాట. పెట్టె మీద రెట్లే పెద్దగా వేసి, అద్దం వెడల్పు ఎక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో వేశారంటే ఆ వస్తువుని పక్కన పెట్టేయొచ్చు. నా దృష్టిలో ఈ ఒక్క గుర్తు చాలు.

సరే, తెచ్చారు. ఆ మూడు కాళ్ల స్టాండు మీద చెయ్యి ఆనిస్తే చాలు, ఆకాశమంతా ఊగుతుంది. గొట్టంలోంచి కనిపించే ఆకాశం ముక్క ఎంత చిన్నదంటే, చంద్రుణ్ణి వెతికి పట్టుకోవడమే కష్టం, ఇంక చుక్కలెక్కడ? దొరికాక కూడా భూమి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, నాన్న చూసి, "రా రా, త్వరగా చూడు" అనేలోపు అది జారిపోతుంది. పైగా బొమ్మ తలకిందులుగానో, కుడి ఎడమలు మారిపోయో ఉంటుంది. పిల్లవాడు కన్ను ఆనించి, "ఏమీ కనపడట్లేదు నాన్నా" అంటాడు. నాన్నకి పొద్దున్నే ఆఫీసు. వారం రోజులు తంటాలు పడతారు. తర్వాత అది హాల్లో మూల నిలబడుతుంది, దాని మీద తువ్వాళ్లు ఆరేస్తారు, ఆ తర్వాత అటకెక్కుతుంది. నేను ఎరిగిన ఇళ్లలో మూడింట అటక మీద ఉన్నాయి. ఒకదానికి బొమ్మల కొలువు మెట్ల చెక్కలు తోడు.

డబ్బు పోయినందుకు నేను బాధపడను. మనం పారబోసే డబ్బు ఇంకా చాలా ఉంది. ఆ పిల్లవాడు ఏమనుకుంటాడన్నదే నా బాధ. పెట్టె మీద అంత పెద్దగా శని కనిపిస్తుంటే, తనకి మసక మచ్చ కూడా కనిపించకపోతే, తప్పు వస్తువుదని పదేళ్ల పిల్లలు అనుకోరు. తనకే చేతకాలేదనుకుంటారు. "నాకు సైన్సు రాదులే" అన్న మాట అలాంటి చోట్లే మొదలవుతుంది. మనం ఎంతో ప్రేమగా కొన్న వస్తువే పిల్లవాడికి ఆకాశం మీద ఉన్న ఇష్టాన్ని చంపేస్తుంది. ఎవరైనా అడిగితే నేను ఇంత గట్టిగా మాట్లాడేది అందుకే.

ఇప్పుడు బైనాక్యులర్స్ సంగతి. వాటి మీద 7x50 అనో, 10x50 అనో, 8x42 అనో రాసి ఉంటుంది. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. రెండో అంకెని మొదటి దానితో భాగించండి. 10x50 అయితే 5 వస్తుంది. అంటే వెనక అద్దం నుంచి మన కంటిలోకి వచ్చే వెలుతురు గుండ్రం 5 మిల్లీమీటర్లు. 7x50 అయితే 7 దాటుతుంది. చీకట్లో కుర్రవాళ్ల కంటిపాప ఇంచుమించు 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. మన వయసుకి వచ్చేసరికి అంత విచ్చుకోదు, అయిదారు దగ్గరే ఆగుతుంది. కాబట్టి 7x50 ఇచ్చే వెలుతురులో కొంత మనలాంటి వాళ్ల కంటికి అందకుండానే పోతుంది. వీధి దీపాల మధ్య ఉండే ఊళ్లలో, ఇంటిల్లిపాదీ వాడుకునేందుకు 10x50 సరిపోతుందని నా అభిప్రాయం. కాకపోతే అది ముప్పావు కిలో నుంచి కిలో దాకా బరువుంటుంది. పదేళ్లలోపు పిల్లలకి చేతులు నొప్పి పుడతాయి. వాళ్ల కోసమే అయితే 8x42 మంచిది, తేలిక, చేతిలో వణుకు కూడా తక్కువ కనిపిస్తుంది. 12, 15, 20 రెట్లవి వద్దు. చేతి వణుకు కూడా అన్ని రెట్లవుతుంది మరి. 10 నుంచి 30 దాకా జరిపే జూమ్ రకాలు, ముందు అద్దాలు కుంకుమలా ఎర్రగా మెరిసే రకాలు అసలే వద్దు. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, లోపల బొమ్మ వెలవెలబోతుంది.

వీలుంటే దుకాణానికి వెళ్లి కొనండి. ఒక కన్ను మూసి, ఇంకో కన్నుతో దూరంగా ఉన్న సెల్ టవర్‌నో గుడి శిఖరాన్నో చూడండి. అంచులు స్పష్టంగా ఉన్నాయా, పక్కన ఊదారంగు చారలు మరీ ఎక్కువగా ఉన్నాయా గమనించండి. రెండు కళ్లతో చూసినప్పుడు ఒకే గుండ్రం కనపడాలి. రెండు బొమ్మలు విడివిడిగా కనిపించినా, కళ్లు లాగినట్టున్నా తీసుకోవద్దు, ఎంత తగ్గించి ఇస్తానన్నా సరే. లోపలి పట్టకాలు బి.ఎ.కె.4 గాజువని రాసి ఉంటే మేలు. కళ్లద్దాలున్న వాళ్లు వాటితోనే చూసి పరీక్షించాలి, కొన్ని రకాలకి కన్ను బాగా ఆనిస్తే తప్ప పూర్తి గుండ్రం కనపడదు. అయిదారు వేల నుంచి పదివేల లోపు ఇంటికి సరిపోయేవి దొరుకుతాయి. అదే డబ్బుకి వచ్చే టెలిస్కోపు బొమ్మ వస్తువు. అదే డబ్బుకి వచ్చే బైనాక్యులర్స్ నిజమైన పనిముట్టు. తేడా అంతా అక్కడే ఉంది.

వాడటంలో పెద్ద విద్యేమీ లేదు. కుడి కంటి దగ్గర తిప్పే చిన్న రింగు ఒకటుంటుంది, అది మీ రెండు కళ్ల తేడాని సరిచేసేది, చాలామంది దాని జోలికే వెళ్లరు. ముందు ఎడమ కంటితో మధ్య చక్రం తిప్పి సరిచేసుకుని, తర్వాత కుడి కంటితో ఆ రింగు తిప్పుకోండి. మోచేతులు పిట్టగోడ మీద ఆనించండి. నెత్తి మీదున్న చుక్కల కోసం చాపో మడతమంచమో వేసుకుని పడుకోండి. మెడ పట్టేసిందని ఎవరైనా అంటే వాళ్లు నిలబడి చూశారని అర్థం.

ఏం కనిపిస్తాయి అంటారా? చంద్రుడితో మొదలుపెట్టండి, కానీ పౌర్ణమి నాడు కాదు. పౌర్ణమి నాడు వెలుగు నేరుగా పడి అంతా తెల్లటి పెనంలా ఉంటుంది. శుద్ధ పంచమి నుంచి దశమి లోపు చూడండి. వెలుగూ చీకటీ కలిసే గీత పక్కన నీడలు పొడుగ్గా పడి గుంటలు, కొండలు తేలి కనిపిస్తాయి. ఇక్కడ మన ఆడవాళ్లకి ఒక సౌలభ్యముంది. గోడ మీద పంచాంగం క్యాలెండరు చూడటం మనకి కొత్త కాదు. సైన్సు మాస్టార్లు ఆప్‌లో వెతుక్కునేది మనం వంటింట్లోంచే చెప్పేస్తాం. అష్టమి, నవమి శుభకార్యాలకి పనికిరావంటారు గానీ చంద్రుణ్ణి చూడటానికి శుద్ధ అష్టమిని మించిన రోజు లేదు. చుక్కల కోసమైతే అమావాస్యకి అటూ ఇటూ.

గురుడి పక్కన నాలుగు చుక్కలు ఒకే వరసలో ఉంటాయి. 1610 జనవరిలో గెలీలియో తన గొట్టంలోంచి చూసినవి అవే, గురుడి చందమామలు. మోచేతులు కదలకుండా ఆనిస్తే 10x50లో కనిపిస్తాయి. కాస్త ఓపిక పట్టాలి. మరుసటి రాత్రి చూస్తే వాటి చోట్లు మారిపోయి ఉంటాయి, ఒక్కోరాత్రి మూడే ఉంటాయి, ఒకటి గురుడి వెనక్కో ముందుకో వెళ్లి ఉంటుంది. మా అమ్మాయి వాటిని పదిహేను రోజులు నోటుపుస్తకంలో గీసింది. కంటి ఆపరేషన్ అయిన మా మామగారు కూడా చూసి, "మన జాతకాల్లో గురుడు ఒక్కడే అనుకున్నా, ఇంత పరివారం ఉందా" అన్నారు.

మా అమ్మమ్మ పిల్లలకోడి అనేది, పంచాంగంలో కృత్తికలు. మామూలు కంటికి ఆరు చుక్కలు. బైనాక్యులర్స్‌లో ఒకేసారి పదుల చుక్కలు, నల్ల పట్టుచీర మీద జరీ బుటాల్లా. ఇది టెలిస్కోపులో అంత బాగా ఉండదు తెలుసా? గుంపంతా ఆ ఇరుకు కంతలో పట్టదు. కార్తీకమాసంలో దీపాలు పెట్టాక తూర్పున చూడండి, అవే పైకి వస్తుంటాయి. పున్నమి నాటి చంద్రుడు వాటి దగ్గర ఉంటాడు కాబట్టే ఆ మాసానికి ఆ పేరు. అదే కాలంలో, ఊళ్లకి దూరంగా చీకటి ఉన్న చోట, ఆండ్రోమెడా గెలాక్సీ చిన్న పొగమరకలా కనిపిస్తుంది. ఆ మరక నుంచి మన కంటికి చేరే వెలుతురు 25 లక్షల ఏళ్ల క్రితం బయల్దేరింది. టీవీలో చూపించే రంగులేవీ ఉండవు. అది ముందే పిల్లలకి చెప్పాలి.

అన్నిటికన్నా నాకిష్టమైనది అరుంధతి. మన పెళ్లిళ్లలో పట్టపగలు పందిట్లో నిలబడి పురోహితుడు ఆకాశంలోకి వేలు చూపిస్తే, వధూవరులు "కనిపించింది" అని తలాడిస్తారు. ఇరవై ఏళ్లు దాటిన కాపురాల్లో కూడా ఎంతమంది నిజంగా చూశారంటే చెప్పలేం. చైత్రం, వైశాఖం రాత్రి ఎనిమిదిన్నర తర్వాత ఉత్తరాన సప్తర్షి మండలం పైకొచ్చి ఉంటుంది. గరిటె కాడలో చివరి నుంచి రెండో చుక్క వశిష్ఠుడు, దాని పక్కనే చిన్నది అరుంధతి. కంటి చూపు బాగున్న వాళ్లకి ఊరికే కనిపిస్తుంది, బైనాక్యులర్స్‌లో ఇద్దరూ చక్కగా విడివిడిగా. మా వారికి చూపించి, "అప్పుడు అబద్ధం చెప్పారు కదా" అని అడిగాను. "నువ్వూ చెప్పావుగా" అన్నారు. ఇంకో విశేషం, చిన్న టెలిస్కోపులోంచి చూస్తే వశిష్ఠుడే రెండు చుక్కలుగా విడిపోతాడు. ఇది గెలీలియో కాలంలోనే తెలిసిన సంగతి. అరుంధతీ దేవికి తెలుసో లేదో మరి.

ఇక పగటి పూట వాడకం. నేలపట్టులో గూడబాతులు, చలికాలం పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు, కొల్లేరులో ఆటపాక పక్షులు, శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరేటప్పుడు, గుళ్లో గోపురం పై అంతస్తు శిల్పాలు, అన్నిటికీ అవే. ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని పల్లెకి తీసుకెళ్లొచ్చు. బాపట్ల దగ్గర మా అమ్మగారి ఊళ్లో కరెంటు పోయిన రాత్రి పాలపుంతలో వాటిని అటూ ఇటూ తిప్పుతుంటే కలిగే ఆనందం టెలిస్కోపు మోసుకెళ్లే వాళ్లకి దక్కదు, ఎందుకంటే వాళ్లు దాన్ని మోసుకెళ్లరు. ఇంటి ఖర్చు లెక్కలు చూసే మనిషిగా నాకు ఇది చాలా పెద్ద విషయం. పిల్లవాడికి ఆకాశం మీద మోజు తీరినా వస్తువు ఇంట్లో పనికొస్తూనే ఉంటుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెప్తాను. సూర్యుడి వైపు ఎప్పుడూ, ఎప్పుడూ తిప్పకూడదు. భూతద్దంతో కాగితం కాల్చిన వాళ్లమే కదా మనమంతా, అదే పని కంట్లో జరుగుతుంది, క్షణంలో, పైగా నొప్పి తెలియకుండా. పగలు పిల్లలకిచ్చినప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి. కొన్ని చవక టెలిస్కోపులతో కంటి దగ్గర బిగించే నల్లటి సూర్యుడి ఫిల్టరు ఇస్తారు, వేడికి పగిలిపోవచ్చు, వచ్చిన రోజే చెత్తబుట్టలో వేయండి. రెండోది, కటకాలకి బూజు. మన కోస్తా ఉక్కకి అద్దాల లోపల దారాల్లా పాకుతుంది. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో నాలుగు సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టుకోండి. అద్దాన్ని చీర కొంగుతో తుడవకండి. నాకు తెలుసు, చెయ్యి అటే పోతుంది. ముందు మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, ఆ తర్వాతే అద్దాల గుడ్డ.

టెలిస్కోపు ఎప్పటికీ వద్దని నేను అనను. శనిగ్రహం వలయాల కోసం కొనాల్సిందే. బైనాక్యులర్స్‌లో శని ఒక చుక్క, మహా అయితే కోలగా కనిపిస్తుంది. నలభై యాభై రెట్లు ఉన్న చిన్న టెలిస్కోపులో వలయం విడిగా తెలుస్తుంది. అది చూసిన మనిషి ఎవరైనా నోరు తెరవాల్సిందే. ఇంచుమించు పదిహేనేళ్లకోసారి ఆ వలయాలు మనకి అంచు చూపిస్తూ సన్నటి గీతలా అయిపోతాయి, 2025 మార్చిలో అలాగే జరిగింది. అవి మళ్లీ నెమ్మదిగా విచ్చుకుంటాయి కాబట్టి ఈ రెండు మూడేళ్లు ఆగినందువల్ల మీ పిల్లలకి నష్టమేమీ లేదు, ముందుకి పోయేకొద్దీ ఇంకా బాగుంటాయి.

అంతవరకూ ఏడాదిపాటు బైనాక్యులర్స్ పట్టుకుని, చుక్కల దారులు తెలిసి, ఇంకా కావాలని మీ అమ్మాయో అబ్బాయో అడుగుతుంటే అప్పుడు కొనండి. అప్పుడు కూడా మూడు కాళ్ల సన్నటి స్టాండుది కాదు, డాబ్సోనియన్ రకం. గట్టి చెక్కపెట్టెలో తోపుడుకి తిరిగే గొట్టం, అంతే. దాన్ని రూపొందించిన జాన్ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత సొసైటీలో రామకృష్ణ సంఘ సన్యాసిగా ఉన్నవాడు. ఓడ కిటికీ గాజుతో అద్దాలు అరగదీసుకుని, అట్ట గొట్టాలతో, చెక్కలతో టెలిస్కోపులు చేసి, మఠం వదిలాక వీధుల్లో నిలబెట్టి దారినపోయే వాళ్లకి చంద్రుణ్ణి చూపించాడు. ఆ మనిషి పద్ధతి చవకైనది, కదలనిది. బరువుగా, చక్రాలూ ఎదురు తూకాలూ ఉన్న ఈక్వటోరియల్ స్టాండులు మనకి మరీ కష్టం. వాటిని ధ్రువ నక్షత్రానికి గురిపెట్టి నిలపాలి. మన గుంటూరులో ధ్రువుడు నేలకి 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఎదురింటి నీళ్ల ట్యాంకు వెనక్కి పోతాడు పాపం.

ఇంట్లో టెలిస్కోపు పెట్టుకోవడం మన వాళ్లకి కొత్తేమీ కాదు లెండి. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే తన ఇంటి దగ్గర సొంత నక్షత్రశాల కట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపి, 1874లో శుక్రుడు సూర్యుడి మీదుగా దాటడాన్ని పరిశీలించారు. మామగారి ఆస్తిలో టెలిస్కోపు కోరుకున్న అల్లుడు! కానీ వాళ్లు జమీందారులు, జీవితమంతా దానికే పెట్టారు. మనం శనివారం రాత్రి అరగంట పెట్టేవాళ్లం.

ఇంకొకటి. నన్ను ఇప్పటిదాకా సలహా అడిగిన వాళ్లంతా "మావాడికి" అనే అడిగారు. "మా అమ్మాయికి" అన్నవాళ్లు ఒక్కరే. "నాకు" అన్న ఆడమనిషి ఎవరూ లేరు. రాత్రి తొమ్మిదిన్నరకి మేడ మీదకి వెళ్తానంటే అబ్బాయిని "మంకీ క్యాప్ పెట్టుకెళ్లు" అంటాం, అమ్మాయిని "ఇప్పుడెందుకే" అంటాం. ఒకరి కోసం కొన్న టెలిస్కోపు వాడి గదిలో ఉంటుంది. బైనాక్యులర్స్ ఫ్రిజ్ పైన ఉంటాయి, ఎవరైనా తీసుకోవచ్చు. గిన్నెలు కడిగి, పెరుగు తోడుపెట్టి పైకెళ్లే ఇల్లాలు కూడా. నేను వాటివైపే మొగ్గడానికి, నిజం చెప్పాలంటే, సగం కారణం ఇదే.

అయితే అపార్ట్‌మెంట్లలో అసలు చిక్కు వస్తువుది కాదు, తాళంచెవిది. నీళ్ల ట్యాంకు భద్రమనీ, కుర్రవాళ్లు చేరుతున్నారనీ రాత్రి ఎనిమిదికే మేడ తలుపుకి తాళం వేసేస్తారు. మా దగ్గరా అంతే. అసోసియేషన్ మీటింగులో లేచి అడిగితే, "రాత్రిపూట ఆడవాళ్లకి మేడ మీద పనేముంటుంది?" అన్నారొకాయన. అరుంధతిని చూడాలండీ అన్నాను. అందరూ నవ్వారు గానీ మూడో మీటింగుకి రెండో తాళంచెవి చేయించారు. ఇప్పుడది మా ఇంట్లో, గడపలోపల మేకుకి వేలాడుతోంది. మీరు కూడా కొట్టుకి వెళ్లేముందు ఆ సంగతి తేల్చుకోండి.